గోడ మీది ఆయతు మనల్ని ఏమడుగుతోంది?

"మా మొహల్లా మస్జిద్‌కు మరమ్మతు చేయిస్తున్నాం. ఖిబ్లా వైపు గోడకు ఆయతులు రాసివున్న రంగుల టైల్స్ పెట్టిద్దామని పెద్దలు అంటున్నారు. అది దుబారా, సున్నత్‌కు విరుద్ధం అని యువకులు అంటున్నారు. ఇందులో అసలు విషయం ఏమిటి?"

ఈ ప్రశ్న నాకు ఒకచోట కాదు, చాలాచోట్ల ఎదురైంది. జుమా నమాజు తర్వాత నలుగురు కూర్చుని మొదలుపెట్టిన మాట ఒక్కోసారి మనసులు విరిగేదాకా పోతుంది. ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలబడేవారు సలాము చెప్పుకోవడం మానేస్తారు. అల్లాహ్ గృహాన్ని అందంగా ఉంచాలన్న కోరికతో మొదలైన పని, అల్లాహ్ దాసుల మధ్య పగకు కారణమైతే అంతకంటే నష్టం ఏముంటుంది?

దీనికి "సమ్మతం" అనో, "అసమ్మతం" అనో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కాని ముస్లిం దేశాల్లో మస్జిద్ గోడలకు మెరిసే పలకలు పొదిగే కళకు వెయ్యేళ్లకు మించిన చరిత్ర ఉంది. ఉర్దూలో దీన్నే 'కాషీకారి' అంటాం. ఆ పలకలను ఎవరు చేశారు, ఎలా చేశారు, వాటి మీద ఏం రాశారు అన్నది ముందు తెలుసుకుందాం. ఆ తర్వాత మన ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

మొదటి మస్జిద్ ఎలా ఉండేది?

ప్రియమైన దైవప్రవక్త (స) మదీనాలో కట్టిన మస్జిద్‌కు పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మాకుల స్తంభాలు, ఖర్జూరపు మట్టల కప్పు ఉండేవి. వాన కురిస్తే నేల బురదయ్యేది. ఆ బురదలోనే ఆయన (స) సజ్దా చేశారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో ఆ కట్టడంలో మార్పేమీ జరగలేదు. హజ్రత్ ఉమర్ (రజి) మస్జిద్‌ను విశాలం చేయించారు గాని అవే పచ్చి ఇటుకలు, అవే మట్టలు వాడారు. కట్టేవారికి ఆయన చేసిన హితవు సహీహ్ బుఖారీలో నమోదై ఉంది. జనాన్ని వాన నుంచి కాపాడండి, ఎరుపు పసుపు రంగులు వేసి వారిని పరీక్షలో పడవేయకండి అన్నది దాని సారాంశం. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలానికి జనం పెరిగారు, అవసరాలూ పెరిగాయి. ఆయన చెక్కిన రాళ్లతో, గచ్చుతో గోడలు కట్టించారు. పైకప్పుకు టేకు కలప వాడారు.

ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కనే పెట్టుకుని చూడాలి. ఒకటి మనకు హెచ్చరిక, రెండోది వెసులుబాటు. వీటిలో ఒకదాన్ని మాత్రమే పట్టుకుని రెండోదాన్ని మరచిపోయినప్పుడే మన మధ్య గొడవలు పుడుతున్నాయి.

మట్టికి మెరుపు వచ్చిన విధం

ఇరాక్, ఇరాన్ దేశాల్లో చాలాచోట్ల కట్టుబడి రాయి తక్కువ, మట్టి ఎక్కువ. అక్కడ కట్టడమంటే ఇటుకే. ఇటుకకు వానా, దుమ్మూ శత్రువులు. దాని మీద గాజుపూత పూసి కాలిస్తే నీరు ఇంకదు, దుమ్ము పట్టినా తుడిస్తే పోతుంది, రంగు వందల ఏళ్లు నిలుస్తుంది. గాజుపూత ఇటుకలు బాబిలోన్ కాలంలోనే ఉండేవి. కాని ముస్లిం పనివారు ఆ విద్యను వేరొక స్థాయికి తీసుకువెళ్లారు.

అబ్బాసీ ఖలీఫా ముఅతసిమ్ క్రీ.శ. 836లో సామర్రా నగరాన్ని నిర్మించాడు. అక్కడి మహళ్ల శిథిలాల్లో లోహపు మెరుపుగల పలకలు దొరికాయి. ఆ విద్యకు సాక్ష్యంగా నేటికీ మస్జిద్‌లోనే నిలిచి ఉన్న పలకలు ట్యునీషియాలోని ఖైరవాన్ జామె మస్జిద్‌లో కనిపిస్తాయి. దాని మిహ్రాబు చుట్టూ సుమారు 140 చదరపు పలకలు ఉన్నాయి. ఒక్కొక్కటి జానెడు వెడల్పు. అవి క్రీ.శ. 862-63 నాటివి. వాటిలో కొన్ని ఇరాక్ నుంచి వచ్చాయని పాత చరిత్రకారులు రాశారు. పదకొండున్నర శతాబ్దాలుగా ఆ పలకల ముందు ఇమాములు నిలబడుతూనే ఉన్నారు. ఎన్ని తరాలు మారాయో, ఎందరు పాలకులు వచ్చి పోయారో ఆలోచించండి.

కాషాన్ పనివారు

'కాషీ' అనే మాట ఇరాన్‌లోని కాషాన్ పట్టణం పేరు మీద వచ్చింది. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో ఈ పనిలో ఆ ఊరిని మించినది లేదు. అక్కడ అబూ తాహిర్ అనే కుటుంబం నాలుగు తరాలపాటు ఇదే పని చేసింది. తాత నుంచి మనవడి దాకా వారి సంతకాలున్న పలకలు నేటికీ ఉన్నాయి. ఆ కుటుంబంలోనే పుట్టిన అబుల్ ఖాసిమ్ చదువు వైపు వెళ్లి చరిత్రకారుడయ్యాడు. హిజ్రీ 700 (క్రీ.శ. 1301) లో తన ఇంటి విద్య రహస్యాలను ఫార్సీలో రాసిపెట్టాడు. అందువల్లే ఆ పని ఎలా సాగేదో మనకు ఇంత వివరంగా తెలుసు.

పలకకు వారు వట్టి బంకమట్టి వాడేవారు కాదు. పది పాళ్ల తెల్ల పలుగురాయి పొడి, ఒక పాలు గాజు పొడి, ఒక పాలు తెల్లమట్టి కలిపి ముద్ద చేసేవారు. గాజు తయారీకి పలుగురాయితో పాటు ఉష్నాన్ అనే ఎడారి మొక్కను కాల్చిన బూడిద కావాలి. ఆ మొక్కనే పూర్వం బట్టలు ఉతకడానికీ, చేతులు కడుక్కోవడానికీ వాడేవారు. గాజుపూతలో తగరం కలిపితే పాలవంటి తెలుపు వస్తుంది. రాగి కలిపితే ఫిరోజా రంగు వస్తుంది. ముదురు నీలానికి కోబాల్టు ఉన్న రాయి కావాలి. అది కాషాన్ దగ్గరి కొండల్లో ఖమ్సర్ అనే ఊళ్లో దొరికేది. పనివారు దాన్ని 'సులైమానీ' అని పిలిచేవారు.

ఆవంలో మంట కోసం తొక్క ఒలిచిన కట్టెలే వాడేవారు. తొక్క ఉంటే పొగ వచ్చి రంగు చెడుతుంది. 12 గంటలు కాల్చి, ఒక వారం చల్లారనిచ్చి, అప్పుడు బయటికి తీసేవారు. బంగారు మెరుపు కావాలంటే పని అంతటితో అయ్యేది కాదు. వెండి, రాగి కలిసిన మందుతో కాలిన పలక మీద రాసి, వేరే ఆవంలో పెట్టి, ఈసారి కావాలనే సన్నటి పొగ పెట్టి, మూడు పగళ్లు మూడు రాత్రులు మళ్లీ కాల్చేవారు. బయటికి తీసినప్పుడు అది మసిబట్టినట్టు ఉండేది. తడిమట్టితో రుద్దితే ఆ మసి కిందనుంచి బంగారు వన్నె బయటపడేది.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించండి. పలుగురాయి, బూడిద, మట్టి, పొగ. ఇందులో విలువైన వస్తువులు బహు స్వల్పం. కాళ్ల కింద తొక్కే వస్తువే రెండుసార్లు నిప్పులో మగ్గి అల్లాహ్ వాక్యం మోసే పలక అయ్యింది. మనిషి కూడా మట్టితో చేసినవాడే కదా!

ముక్కలు కోసి కూర్చే పని

కాలక్రమంలో మరో పద్ధతి వచ్చింది. ఒక్కొక్క రంగు పలకను వేరుగా కాల్చి, గీసుకున్న నమూనా ప్రకారం చిన్నచిన్న ముక్కలుగా చెక్కేవారు. ఆకుకు ఒక ముక్క, పువ్వు రేకుకు ఒక ముక్క, అలిఫ్‌కు ఒక ముక్క. వాటిని నేల మీద బోర్లా పేర్చి, వెనుకనుంచి గచ్చు పోసి, అది గట్టిపడ్డాక మొత్తం ఎత్తి గోడకు అమర్చేవారు. పేర్చేటప్పుడు పనివానికి పలక వెనుక భాగమే కనిపిస్తుంది. ముందు భాగం ఎంత అందంగా వచ్చిందో గోడకు ఎక్కేదాకా తెలియదు.

టర్కీలోని కోన్యా నగరంలో సల్జూఖుల మంత్రి జలాలుద్దీన్ ఖరతాయ్ హిజ్రీ 649 (క్రీ.శ. 1251-52) లో కట్టించిన మద్రసా గుమ్మటం లోపలి భాగమంతా ఇలాంటి పనే. రాత్రి ఆకాశంలా నీలం మీద నక్షత్రాలు అల్లుకుని ఉంటాయి. గుమ్మటాన్ని మోసే మూలల్లో దైవప్రవక్త (స) పేరు, నలుగురు ఖలీఫాల పేర్లు కూఫీ లిపిలో ఉన్నాయి. మొరాకోలోని ఫెజ్ నగరంలో పద్నాలుగో శతాబ్దపు మద్రసాల గోడలు నడుము ఎత్తుదాకా ఇలా కూర్చిన రంగు ముక్కలతోనే నిండి ఉంటాయి. అక్కడ దీన్ని 'జల్లీజ్' అంటారు.

మన ఇంటి ఆడవారు తెలుసుకోవలసిన పేరు ఒకటుంది. తైమూర్ కుమారుడు షారుఖ్ భార్య గౌహర్ షాద్. ఆమె మష్‌హద్‌లో కట్టించిన జామె మస్జిద్ హిజ్రీ 821 (క్రీ.శ. 1418) లో పూర్తయింది. ప్రధాన ద్వారం మీద పలకల్లో ఉన్న పెద్ద శాసనాన్ని రాసింది ఆమె కుమారుడు బైసున్‌ఘుర్. అతడు రాకుమారుడే కాదు, పేరున్న ఖత్తాత్ కూడా. తల్లి మస్జిద్ కట్టిస్తే కొడుకు కలం పట్టి దాని మీద రాశాడు.

ఒక మద్రసా మిహ్రాబు చెప్పిన పాఠం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇస్ఫహాన్‌లో హిజ్రీ 755 (క్రీ.శ. 1354-55) లో ఇమామీ మద్రసా కోసం ఒక మిహ్రాబు చేశారు. ఎత్తు సుమారు 3 మీటర్ల 43 సెంటీమీటర్లు, వెడల్పు 2 మీటర్ల 89 సెంటీమీటర్లు. ముదురు నీలం, ఫిరోజా, తెలుపు, అక్కడక్కడ పసుపు, ఆకుపచ్చ. అంతా ముక్కలు కోసి కూర్చిన పనే. కాషీకారి కళలో దీన్ని మించినవి చాలా తక్కువ.

దాని అందం గురించి ఎందరో రాశారు. మనం దాని మీది రాతను చదువుదాం.

బయటి అంచు చుట్టూ ఉన్నవి తౌబా సూరాలోని 18 నుంచి 22 వరకు ఆయతులు. మొదటి ఆయతు భావం ఏమిటి? అల్లాహ్‌నూ, అంతిమదినాన్నీ విశ్వసించేవారు, నమాజు స్థాపించేవారు, జకాత్ ఇచ్చేవారు, అల్లాహ్‌కు తప్ప మరెవరికీ భయపడనివారు, వీరే మస్జిద్‌లను కళకళలాడించేవారు అని. దాని తర్వాతి ఆయతు ఇంకా సూటిగా అడుగుతుంది. హజ్ యాత్రికులకు నీళ్లు పోయడాన్నీ, మస్జిదె హరామ్ బాగోగులు చూడటాన్నీ, అల్లాహ్‌ను, అంతిమదినాన్ని విశ్వసించి ఆయన మార్గంలో పాటుపడటంతో సమానమని అనుకున్నారా? అల్లాహ్ దృష్టిలో అవి సమానం కావు.

లోపలి కమాను చుట్టూ కూఫీ లిపిలో ఇస్లాం అయిదు మూలస్తంభాల గురించిన హదీసు ఉంది. నట్టనడుమ, ఇమాము కళ్లకు ఎదురుగా, మస్జిద్ భయభక్తులు గలవారి ఇల్లు అనే భావంగల చిన్న వాక్యం ఉంది.

ఆ పనివారు ఏం చేశారో గమనించారా? అంత అందమైన మిహ్రాబు చేసి, దాని అంచుల మీదనే "మస్జిద్‌కు వెలుగు ఈ పలకలతో రాదు, మీ ఈమాన్‌తో వస్తుంది" అని చెప్పే వాక్యాన్ని పొదిగారు. కట్టించినవాడు గర్వపడటానికి కాస్తయినా చోటు మిగల్చలేదు. రాసింది చదవగలవాడు దాన్ని చూసి ముందు తనను తాను ప్రశ్నించుకోవాలి.

ఆ మిహ్రాబు ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో. 1939 నుంచి అది అక్కడే ఉంది. ప్రపంచం నలుమూలలనుంచి జనం వచ్చి చూస్తారు, మెచ్చుకుంటారు. కాని దాని ముందు సఫ్‌లు లేవు, ఇమాము లేడు. గోడ మీది ఆయతు తాను అడిగేది అడుగుతూనే ఉంది. జవాబు చెప్పవలసినవారు ఎదురుగా లేరు.

గోడ వదిలిన పలకలు

మరో ఉదాహరణ చూడండి. టెహ్రాన్‌కు దక్షిణాన వరామీన్‌లో ఇమామ్‌జాదా యహ్యా సమాధి భవనం ఉంది. హిజ్రీ 660-61 (క్రీ.శ. 1262-63) లో దాని గోడలకు నక్షత్రం ఆకారపు పలకలు, వాటి మధ్య శిలువ ఆకారపు పలకలు అతికించారు. బంగారు మెరుపు, అంచుల మీద ఖుర్‌ఆన్ ఆయతులు, మధ్యలో తీగలు, ఆకులు. మనుషుల, జంతువుల బొమ్మలు లేవు. దాదాపు అదే కాలంలో మంగోల్ పాలకుడు అబాఖా కట్టించిన తఖ్తె సులైమాన్ మహలులోనూ పలకలున్నాయి. కాని అక్కడ పాము వంటి చైనా డ్రాగన్లు, పక్షులు, వేటగాళ్ల బొమ్మలు కనిపిస్తాయి. రెండు చోట్లా ఒకే మాదిరి విద్య, ఒకే మెరుపు. ఏ గోడకు ఏది తగునో పనివారికి తెలుసు. ఇది మన ఇళ్లకూ పనికివచ్చే వివేకం.

వరామీన్ మిహ్రాబును అబూ తాహిర్ వంశంవాడైన అలీ బిన్ ముహమ్మద్ హిజ్రీ 663 (క్రీ.శ. 1265) లో చేశాడు. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఆ భవనం నుంచి పలకలు ఒక్కొక్కటే ఊడి యూరప్ బజార్లకు చేరడం మొదలైంది. ఇప్పుడవి ఎన్నో దేశాల మ్యూజియాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. మిహ్రాబు హవాయి దీవుల్లోని హోనొలులులో, ఒకప్పుడు ఒక అమెరికా ధనికురాలి నివాసంగా ఉన్న భవనంలో ఉంది. ఆ గోడలు ఖాళీ అయిపోయాయి.

పలకను చేసినవాడు దాన్ని వందల ఏళ్లు నిలిచేలా చేశాడు. అది నిలిచింది కూడా. నిలవనిది మరొకటి, కాపాడేవారి జాగ్రత్త.

మన దక్కనులో

ఈ విద్య సముద్రం దాటి దక్కనుకూ వచ్చింది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమై, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బీదర్‌లో మహమూద్ గవాన్ మద్రసా ఉంది. గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుంచి వచ్చి బహమనీ సుల్తానులకు మంత్రి అయ్యాడు. 1472లో పూర్తయిన ఆ మూడంతస్తుల మద్రసా ముఖద్వారం వైపు గోడ, మీనారు నీలం, తెలుపు, పసుపు, ఆకుపచ్చ పలకలతో, ఖుర్‌ఆన్ ఆయతులతో మెరిసేవి. అక్కడి గ్రంథాలయంలో 3,000 పుస్తకాలు ఉండేవని చెబుతారు. పదిహేడో శతాబ్దం చివర అక్కడ నిల్వచేసిన తుపాకిమందు పేలి సగం భవనం కూలింది. రెండు మీనార్లలో ఒకటే మిగిలింది. దాని మీద కొన్ని పలకలు నేటికీ ఉన్నాయి. హైదరాబాద్ పాతబస్తీలో కుతుబ్‌షాహీల కాలపు బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల్లో ఈ కళ తర్వాతి రూపాన్ని చూడవచ్చు.

ఇంతటి మద్రసా కట్టించిన గవాన్ తన ఇంట్లో చాప మీద పడుకునేవాడని, మట్టిపాత్రలో తినేవాడని చరిత్రకారులు రాశారు. ఆ మద్రసా కట్టిన సంవత్సరాన్ని ఆనాటి కవి ఒక ఖుర్‌ఆన్ దుఆలో చూపించాడు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అ), హజ్రత్ ఇస్మాయీల్ (అ) కాబా గోడలు లేపుతూ "ప్రభూ, మా నుంచి స్వీకరించు" అన్న అర్థంతో చేసిన దుఆ అది. దానిలోని మూడు అరబీ మాటల అక్షరాలకు అబ్జద్ లెక్క కట్టండి. మొదటి మాటకు 253, రెండో మాటకు 532, మూడో మాటకు 91. కలిపితే 876. అదే హిజ్రీ సంవత్సరం. కాబా కట్టిన ప్రవక్తలకే తమ పని స్వీకరించబడుతుందా లేదా అన్న దిగులు ఉంటే, మనమెంత?

ధర్మశాస్త్రం ఏమంటుంది?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. దైవప్రవక్త (స) ఒకసారి అబూ జహమ్ (రజి) కానుకగా ఇచ్చిన చారల దుప్పటి కప్పుకుని నమాజు చేశారు. నమాజు ముగిశాక దాన్ని తిరిగి పంపి, సాదా దుప్పటి తెప్పించుకున్నారు. ఆ చారలు తన ధ్యాసను మళ్లించాయని చెప్పారు. ఆయన (స) ధ్యాసకే భంగం కలిగిందంటే మన సంగతి చెప్పనక్కరలేదు. మస్జిద్‌ల విషయంలో జనం ఒకరిని చూసి ఒకరు గొప్పలు పోవడం ప్రళయసూచనల్లో ఒకటని కూడా హదీసులో ఉంది.

వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకుని హనఫీ ఫుఖహా సమతూకమైన మాట చెప్పారు. దాన్ని నాలుగు ముక్కల్లో గుర్తుపెట్టుకోండి.

1. మస్జిద్‌కు అలంకరణ చేయించాలనుకునే వ్యక్తి తన సొంత హలాల్ సంపాదన నుంచి చేయిస్తే తప్పు లేదు. అది తప్పనిసరి కాదు, పుణ్యానికి కొలమానమూ కాదు.

2. వక్ఫ్ సొమ్మును కట్టడం గట్టిదనానికి, అవసరాలకు వాడాలి. సోకులకు వాడితే ముతవల్లీ ఆ సొమ్ము తిరిగి కట్టుకోవలసి ఉంటుంది. చందా ఇచ్చినవారు వుజూఖానా కోసం ఇచ్చి ఉంటే అది వుజూఖానాకే పోవాలి.

3. నమాజు చేసేవారి కళ్లకు ఎదురుగా, ముఖ్యంగా మిహ్రాబు, ఖిబ్లా గోడ మీద ధ్యాస మళ్లించే నగిషీ మక్రూహ్. సాదా రంగు, శుభ్రత చాలు.

4. గోడల మీద ఆయతులు రాయడాన్ని ఫుఖహా మెచ్చుకోలేదు. కారణం, అవి రాలి కాళ్ల కింద పడతాయన్న భయం. వరామీన్ పలకలకు ఏమైందో చూశాం కదా! ఆ భయం ఎంత నిజమో చరిత్రే చెప్పింది.

"మరి ఇస్ఫహాన్‌వారు, కోన్యావారు చేసింది తప్పా?" అని అడగవచ్చు. వారి లెక్క వారి ప్రభువు దగ్గర ఉంది. వారి సంకల్పాన్ని మనం తూచలేం. వారి పనితనాన్ని, ఓర్పును, ఆయతు పట్ల వారు చూపిన శ్రద్ధను మెచ్చుకుందాం. ఆ పలకల మీద వారు రాసిన హెచ్చరికను మన హెచ్చరికగా తీసుకుందాం. కళను గౌరవించడం వేరు, దాన్ని మన మొహల్లా గోడకు ఎక్కించడం కోసం పోట్లాడుకోవడం వేరు.

మనం ఏం చేద్దాం?

మొదట, ఇదివరకే ఆయతుల పలకలు ఉన్న మస్జిద్‌లలో వాటిని పీకేయమని గొడవ చేయకండి. గట్టిగా ఉంటే శుభ్రంగా ఉంచండి. వదులైతే జాగ్రత్తగా తీసి భద్రపరచండి. పాత గోడ పడగొట్టేటప్పుడు కూలివారికి ముందే చెప్పండి. ఆయతు ఉన్న ముక్క చెత్తబండిలోకి పోకూడదు. దాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోట పాతిపెట్టాలి.

రెండోది, ఇంట్లో వాకిలి మీద ఆయతుల్ కుర్సీ పలక పెట్టించుకోవాలనుకునే తల్లులారా, ముందు మీ పిల్లలకు అది నోటికి వస్తుందో లేదో చూడండి. రాకపోతే పలక కొనేముందు వారిని కూర్చోబెట్టి నేర్పించండి. గోడ మీద ఉన్నది దుమ్ము పడుతుంది, గుండెలో ఉన్నది సమాధిలో కూడా తోడు ఉంటుంది.

మూడోది, కొత్తగా కట్టేవారు ఖిబ్లా గోడను సాదాగా వదలండి. పలకలకు పెట్టాలనుకున్న సొమ్ముతో ముసలివారికి వుజూ చేసే చోట జారని నేల వేయించండి, పిల్లల మక్తబ్‌కు ఉస్తాద్ జీతం ఏర్పాటు చేయండి. మద్రసా కట్టించిన గవాన్ అందులో పుస్తకాలు నింపడం మరువలేదు.

చివరగా, ఇమామీ మద్రసా మిహ్రాబును మరొక్కసారి తలచుకుందాం. దాన్ని చేసిన పనివాని పేరు మనలో ఎందరికి తెలుసు? బోర్లా పేర్చిన ముక్కల వెనుక భాగాన్నే చూస్తూ, ముందు వైపు ఎలా వస్తుందో తెలియకుండానే అతడు ఓర్పుగా పని చేశాడు. మన ఆచరణలు కూడా అలాంటివే. ఇహలోకంలో మనకు కనిపించేది వాటి వెనుక భాగమే. అసలు ముఖం తీర్పుదినాన బయటపడుతుంది.

ఓ అల్లాహ్! మా మస్జిద్‌లను నమాజుతో కళకళలాడించు. మా గోడల మీది నీ వాక్యాన్ని మా గుండెల్లోకి దింపు. మా కొద్దిపాటి సేవను మా నుంచి స్వీకరించు. ఆమీన్.